వాడిన నీటి పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

   

ఈ సభలో నన్నును కొంతసేపు మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను తిక్కనగారిని గూర్చియో పోతనగారిని గూర్చియో ప్రసంగింతునని వారు తలచి యుందురు. చందా పుస్తకములో నా పేరునకు ఎదురుగా వ్రాసిన గ్రంథముల పేర్లు చూచినవారికి ఎవరికైనను అట్లే తోచును. బడిలో నేర్చినది స్వల్పము. భారత భాగవతములను నేను చదువుకొన్నది ఇచటి బల్లమీదనే, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని. అయినను నేడు నేను ఎన్నుకొన్న విషయము మురుగునీరు. ముందు వరుసలోని పెద్దలు నవ్వుచున్నారు. భోజనములకు ముందే ఈ మాట ఎత్తినందులకు మాత్రము క్షమింపవలెను.

నా వృత్తి లెక్కలు వ్రాయుట. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినది. నేను నేటికిని ఊరి లెక్కలే వ్రాయుచున్నాను గాని కరణమును గాను. అయినను పెద్దవారు నన్ను "కరణంగారూ" అనియే పిలుతురు. లెక్కలు వ్రాయువానికి ఒక చెడ్డ అలవాటు ఉండును. వచ్చినది ఎచటినుండి వచ్చినదనియు, పోయినది ఎచటికి పోయినదనియు అడుగుచుండును. జమ కట్టిన ప్రతి రూపాయికిని ఖర్చువైపు జాడ కనబడవలెను. నీటి విషయమున మాత్రము మనమందరము జమవైపే వ్రాయుచున్నాము. కుళాయి వచ్చినదా, బోరు పడినదా, కాలువ వదలిరా అనునవియే మన ప్రశ్నలు. స్నానము చేసిన నీరు, గిన్నెలు తోమిన నీరు, మరుగుదొడ్డిలో పోసిన నీరు ఏమైనదని ఎవ్వరును అడుగరు.

ఆ ప్రశ్న నాకు స్వయముగా తోచినదని చెప్పుకొనుటకు వీలులేదు. దానిని ఒక ముసలమ్మ అడిగినది.

కొన్ని ఏండ్ల క్రిందట ఈ మెరక ప్రాంతముననే వేరొక చిన్న గ్రామమున వీధులకు సిమెంటు కాలువలు కట్టిరి. ఊరి పేరు చెప్పను. ఆ పనుల లెక్క నేను వ్రాసితిని. ఇన్ని మీటర్లు, ఇన్ని బస్తాల సిమెంటు, ఇన్ని కూలి దినములు. పైసా తేడా లేదు. ఒకనాడు గేదెలను తోలుకొని పోవుచున్న ముసలమ్మ ఆగి, "కరణంగారూ, ఈ కాలవ ఎక్కడికి పోద్దండీ?" అని అడిగినది. "పల్లానికి పోతుందమ్మా" అంటిని. "పల్లంలో చెరువేగదండీ ఉంది?" అన్నది. నేను నవ్వి ఊరకుంటిని. కొలతల పుస్తకములో పొడవునకు గడి ఉన్నది, వెడల్పునకు ఉన్నది, లోతునకు ఉన్నది. కొస ఎచట చేరును అనుదానికి గడి లేదు. లేని గడిలో నేను ఏమి వ్రాయుదును?

రెండు వేసవులు గడచునప్పటికి ఆ చెరువును గుర్రపుడెక్క కమ్మినది. గట్టుమీద నిలువలేని వాసన. ముసలమ్మ తన గేదెలను చాల దూరము బోరు కడకు తోలవలసి వచ్చినది. కాలువలు కట్టుట తప్పు కాదు. వీధులు ఆరినవి, బురద పోయినది. నా లెక్కయు తప్పు కాదు. అయితే అది సగము లెక్క, దానిని పూర్తి లెక్కయని సంతకము చేసినవాడను నేను. తరువాత ఆమె నాకు ఎదురుపడినది. ఏమియు అనలేదు. మా ఇంటివారి క్షేమము అడిగి వెళ్లినది.

అప్పటినుండి ఈ విషయమున దొరికినదెల్ల చదువుచు వచ్చితిని. నా అలవాటు చొప్పున మొదట పాత గ్రంథములనే తెరచితిని. మలమూత్రములను నీటిలో విడువరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయముననే నిషేధము ఉన్నది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము మరియు ముచ్చటైనది. విజయనగర రాజవంశీయుడగు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనమున, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, చెరువునకు ఉండరాని ఆరు దోషములును చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. ఉప్పునేల ఒక దోషము. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మరియొక దోషము. మురుగునీరు ఆ ఆరింటిలో లేదు. మలమును నీటితో గొట్టములలోనికి త్రోయు పద్ధతి ఆనాటి ఊళ్లలో లేదు గనుక ఆ దోషమును ఊహింపవలసిన పనియు వారికి లేకపోయినది. ఉప్పును, సరిహద్దును గుర్తు పెట్టుకొనుడు. వాటితో మరల పని పడును.

భాగవతమున కాళియమర్దన కథ మీకెల్లరకు తెలిసినదే. విషపూరితమైన యమునా మడుగును కృష్ణుడు బాగుచేసెను గాని కాళియుని చంపలేదు. సముద్రమధ్యమున ఉన్న రమణకద్వీపమునకు పొమ్మనెను. పట్టణములు చాలకాలము ఈ ఉపాయమునే నమ్మినవి. లండను నగరమున 1858 వేసవిలో థేమ్సు నది కంపునకు పార్లమెంటువారు కూర్చుండలేకపోయిరి. పిదప బేజల్గెట్ అను ఇంజనీరు పెద్ద సొరంగ కాలువలు కట్టి మురుగును నగరమునకు దిగువకు, సముద్రపు పోటుపాటులకు అందుచోటికి పంపెను. సముద్రము చేరువనున్నవారికి అది కొంతకాలము చెల్లినది. మెరక నేలలో అది చెల్లదు. మన క్రింద రమణకద్వీపము లేదు, మరియొక ఊరున్నది.

ఇక హైదరాబాదు పద్దు చూతము. అది మనకేల అందురేమో. కృష్ణానది నీటిని నాగార్జునసాగరము వెనుకనుండి తోడి, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో హైదరాబాదునకు తీసికొనిపోవు పథకము 2004లో మొదలై, 2008లోను 2015లోను పెరిగినది. అచట వాడిన నీరు మూసీలో పడును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నాగార్జునసాగరమునకు దిగువన వాడపల్లి కడ కృష్ణలో కలియును. అక్కడినుండి ఆ నీరు పులిచింతల జలాశయమునకును, పిదప మన ముక్త్యాలకును, వేదాద్రికిని వచ్చును. కృష్ణకు చెందిన నీటిని అప్పుగా గొని కృష్ణకే చెల్లించుచున్నారన్నమాట. అప్పు తీర్చుట సరియే. ఏ నాణెముతో తీర్చుచున్నారు అనునదే ప్రశ్న. మన సాగరు ఎడమ కాలువ వాడపల్లికి ఎగువనున్న ఆనకట్టకడనే బయలుదేరును గనుక ఆ కాలువ నీటికి ఈ చిక్కు లేదు. పొలములున్నవారు కంగారు పడనక్కరలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరద పిదప, నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన సలహా ఫలితముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. నగరమునకు భూగర్భ మురుగు కాలువలు కావలెననియు ఆయన చెప్పిరి. అవి తరువాత కొన్ని లక్షల జనమునకు సరిపోవునట్లు కట్టబడినవి. జనము కోటిని దాటునని అప్పుడు ఎవరు తలచిరి? 2021లో ప్రభుత్వము వేసిన లెక్క ప్రకారము నగర ప్రాంతమున దినమునకు పుట్టు మురుగునీరు 195 కోట్ల లీటర్లు. అప్పటికున్న 25 శుద్ధి కేంద్రముల శక్తి 77 కోట్ల లీటర్లు. తక్కినది ఉన్నది ఉన్నట్లే మూసీకి.

195 కోట్ల లీటర్లు అనిన మనస్సునకు ఎక్కదు. రైతు భాషలోనికి మార్చితిని. అది నిరంతరము పారు ఎనిమిది వందల క్యూసెక్కుల కాలువ. సంవత్సరమునకు సుమారు 25 టి.ఎం.సి.లు. పులిచింతల నిండుకుండలో 45.77 టి.ఎం.సి.లు పట్టును. అందులో సగమునకు మించిన నీటిని ఒక్క నగరము వాడి వదలుచున్నది. ఏడాదికి ఎనుబది సెంటీమీటర్ల వాన మాత్రమే పడు ఆ మెట్టప్రాంతమున వేసవిలో మూసీలో పారునది చాలవరకు ఈ నీరే. కరవు నేలలో వానతో పని లేకుండ, ఏ నెలయు తప్పక పారు ఏరు ఇంకొకటి ఏది? కనుక దానిని కంపని ముక్కు మూసికొనువాడు సగమే చూచినాడు, వరమని పొంగువాడును సగమే చూచినాడు.

ఇప్పుడు శుద్ధి యనగా ఏమో చెప్పుదును. మురుగునీటిలో వేయి పాళ్లకు తొమ్మిది వందల తొంబదితొమ్మిది పాళ్లు నీరే. ఆ మిగిలిన ఒక్క పాలే మన బాధ. మొదట ఇనుప చువ్వల జల్లెడలో గుడ్డలు, పుల్లలు, కవరులు ఆగును. తరువాత తొట్టిలో ఇసుక దిగును. ఆపైన నీటిని నెమ్మదిగా నిలిపిన మడ్డి అడుగునకు చేరును. ఇంతవరకు మన ఇంట బిందె తేర్చుకొను పనియే. నీటిలో కరగిన మలినము తేర్చిన పోదు. దానిని సూక్ష్మజీవులు తినవలెను. తినుటకు వాటికి ప్రాణవాయువు కావలెను. ఐదు దినములలో అవి ఎంత ప్రాణవాయువును అడుగునో కొలిచి దానిని బి.ఓ.డి. అందురు. నేను దానిని నీటి బాకీ అనుకొందును. పట్టణపు పచ్చి మురుగున ఆ బాకీ లీటరునకు రెండు మూడు వందల మిల్లీగ్రాములు ఉండును. శుద్ధిచేసిన నీటికి ఇరువది మించరాదని 1912లో ఇంగ్లండున రాయల్ కమిషనువారు నిర్ణయించిరి. మన దేశమున జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో దానిని పదికి దించినది. ఆ బాకీ తీరకుండ నీటిని ఏటిలో విడిచిన, ఏటిలోని ప్రాణవాయువే జప్తు అగును. చేపలు తేలిపోవుట ఆ జప్తే.

సూక్ష్మజీవులచేత త్వరగా తినిపించు ఉపాయమును మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1914లో ప్రకటించిరి. వారు మురుగునీటిలోనికి గాలి ఊదిరి. మొదటిసారి శుభ్రపడుటకు ఐదు వారములు పట్టినది. అడుగున దిగిన మడ్డిని పారవేయక, దానిలోనే క్రొత్త మురుగును పోసి మరల గాలి ఊదిరి. ఈసారి కాలము తగ్గినది. అట్లు చేయగా చేయగా ఒక దినము కూడ పట్టలేదు. మన ఇల్లాండ్రకు ఇందులో వింత ఏమియు లేదు. నిన్నటి పెరుగు నేటి పాలకు తోడు. ప్రపంచమందలి పెద్ద నగరముల శుద్ధి కేంద్రములు చాలవరకు ఈ తోడు మీదనే నడచుచున్నవి.

గాలి ఊదుటకు కరెంటు ఖర్చు ఎక్కువ. అందువలన ఉష్ణదేశములకు తగినదని, గాలి అక్కరలేని తొట్టిని 1970ల ప్రాంతమున నెదర్లాండ్సు దేశపు లెట్టింగా అను ఆచార్యుడు వృద్ధి చేసెను. అందు మురుగు అడుగునుండి పైకి ఎక్కుచు మడ్డి పొరగుండ పోవును. మడ్డిలోని జీవులు మలినమును తిని గోబరు గ్యాసు వంటి గ్యాసును విడుచును. హైదరాబాదు అంబరుపేటలో దినమునకు 33.9 కోట్ల లీటర్లు పట్టు కేంద్రము ఈ విధముననే కట్టబడినది. అయితే ఆ తొట్టి బాకీని పూర్తిగా తీర్చదు. దాని తరువాత చెరువులో నిలుపుటయో గాలి ఊదుటయో తప్పదు. 2021లో మరి 31 కేంద్రములకు 3,866 కోట్ల రూపాయలు మంజూరైనవి. వీటి శక్తి 125.95 కోట్ల లీటర్లు. వీటిలో ఒకే తొట్టి వంతులవారీగా నింపుట, ఊదుట, తేర్చుట, వదలుట అను నాలుగు పనులు చేయును. 2023నుండి అవి ఒక్కొక్కటిగా తెరవబడినవి. కట్టుట ఒక యెత్తు, ఇంటింటి మురుగును దారి తప్పకుండ కేంద్రమునకు చేర్చుట ఒక యెత్తు, కరెంటు బిల్లు నెలనెల చెల్లించుట మరియొక యెత్తు. ప్రారంభోత్సవమునకు శిలాఫలకము ఉండును, కరెంటు బిల్లునకు శిలాఫలకము ఉండదు.

ఈ కాలువలలో దిగి ప్రాణములు కోల్పోయిన మనుష్యుల మాట విడిచిన ఈ పద్దు అన్యాయమగును. మనుష్యునిచేత మలమును ఎత్తించుటను, రక్షణ లేక మురుగు గొయ్యిలోనికి దింపుటను 2013 చట్టము నిషేధించినది. అట్లు చనిపోయినవారి కుటుంబమునకు ముప్పది లక్షలు ఈయవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మన తెలుగువాడగు బెజవాడ విల్సనుగారు ఈ అన్యాయముపై జీవితమంతయు పోరి 2016లో మెగసెసె పురస్కారము పొందిరి.

మూసీ వెంబడి రైతులేమి చేసిరో చెప్పవలెను. నగరమునకు దిగువన పీర్జాదిగూడ మొదలుకొని పాత కత్వలు అనేకము ఏటికి అడ్డముగా ఉన్నవి. వాటినుండి కాలువలు చెరువులకు పోవును. ఆ నీటితో నగరమునకు దగ్గర ఊళ్లలో పశువులకు పారాగడ్డి పెంచిరి, క్రిందికి పోయినకొలది వరి వేసిరి. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరమునకే పోయినవి. ఎరువు కొనవలసిన పని తగ్గినది. శాస్త్రజ్ఞులు ఏటి వెంబడి నీటిని పరీక్షించి ఒక ఆశ్చర్యమును గమనించిరి. కత్వలలో నిలుచుచు, జారుచు, పొలములలో ఇంకుచు పోవు ఆ నీటి బాకీ క్రిందికి పోయినకొలది తగ్గుచున్నది. నిజాముల కాలపు కత్వలు తెలియకయే శుద్ధి కేంద్రములైనవి. అయితే ఉప్పు తగ్గుట లేదు, పెరుగుచున్నది. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. ఏ జీవియు దానిని తినదు. ఫ్యాక్టరీల రసాయనములలో కొన్నియు అంతే. పోరుమామిళ్ల శాసనమువారు ఉప్పును దోషములలో చేర్చుట నాకు అప్పుడు గుర్తునకు వచ్చినది. రెండవ దోషమును అచటనే ఉన్నది. 2014 తరువాత మూసీ ఒక రాష్ట్రమున ప్రవహించి, రెండు రాష్ట్రముల సరిహద్దున కృష్ణలో కలియుచున్నది. ఎగువవాని ఖర్చు దిగువవాని పుస్తకములో పడినపుడు ఇద్దరికిని ఒకే ఆడిటరు ఉండడు.

ఇజ్రాయెలు దేశము మనకన్న ఎండినది. అచటివారు పట్టణముల మురుగునీటిలో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు శుద్ధిచేసి పొలములకు పారించుచున్నారు. వారికి తెలివి మనకంటె ఎక్కువ ఉండి కాదు, పారవేయుటకు వారికి నీరు లేదు.

హైదరాబాదు దూరమనుకొన్న ఖమ్మము దగ్గర. ఖమ్మము మున్నేటి ఒడ్డున ఉన్నది. అచటి గోళ్లపాడు కాలువ చాలకాలము నగరపు మురుగును మున్నేటికి మోసినది. ఆ మున్నేరే పెనుగంచిప్రోలు మీదుగా మన నందిగామ సీమకు వచ్చి కృష్ణలో కలియును. కాని ఖమ్మమువారిని అనుటకు ముందు నేను నా ముసలమ్మకు సమాధానము చెప్పవలెను. ఖమ్మము మనకు ఎగువ అయిన, మనము మరియొకరికి ఎగువ.

గ్రామమునకు మాంచెస్టరు యంత్రములు అక్కరలేదు. మనకున్నది ఎండ. నాగపూరులో 1958లో స్థాపింపబడి, తరువాత నీరి అను పేరు పొందిన పరిశోధన సంస్థవారు మన దేశమున ఎండ చెరువుల పద్ధతిని ప్రచారము చేసిరి. తక్కువ లోతు గల చెరువులు ఒకదాని తరువాత ఒకటి త్రవ్వి మురుగును నిలుపుదురు. పాచి ఎండను త్రాగి ప్రాణవాయువును విడుచును. ఆ వాయువుతో సూక్ష్మజీవులు మలినమును తినును. ఏలికపాముల గ్రుడ్లు, కొంకిపురుగుల గ్రుడ్లు బరువువలన అడుగునకు దిగును. పది దినములు నిలిపిన ఆ గ్రుడ్లు చాలవరకు పోవును. ఇంకను నిలిపిన రోగక్రిములు ఎండకు చచ్చును.

నాలుగు వేల జనముగల ఊరికి లెక్క వేసితిని. కుళాయి పథకములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అని అంచనా. అందు అయిదింట నాలుగు పాళ్లు వాడుకనీరుగా బయటికి వచ్చును. అనగా దినమునకు 176 ఘనమీటర్లు. ఇరువది దినములు నిలుపుటకు 3,520 ఘనమీటర్ల చోటు కావలెను. మీటరున్నర లోతున త్రవ్విన 2,347 చదరపు మీటర్లు, అనగా 58 సెంట్లు. గట్లతో, నడవలతో ఒక ఎకరము. సగటున దినమునకు 12 ఘనమీటర్లు ఆవిరియగును. మిగిలిన 164 ఘనమీటర్లతో, దినమునకు అయిదు మిల్లీమీటర్ల తడి చొప్పున, ఎనిమిది ఎకరముల పశుగ్రాసము పండును. కాలువలలో ఇంకుడు తీసివేసిన ఆరు ఎకరములు నిశ్చయము. ఆకుకూరలకు ఈ నీరు పెట్టుటకు నేను ఒప్పుకొనను. పచ్చిగా తినునది వద్దు, గడ్డి చాలును. రెండు మూడు ఏండ్లకు ఒకమారు మడ్డి తీయించు ఖర్చును ముందే వ్రాసికొనవలెను. అది మరచిన చెరువు మరల మురుగుగుంట అగును. ఫ్యాక్టరీ నీరు గాని, పురుగుమందు డబ్బాలు కడిగిన నీరు గాని ఇందులో పడరాదు.

ఎకరము ఎవరు ఇత్తురు అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఊరి పల్లమున నున్న భూమి ఎవరిదైనను విలువగలదే. వాసన వచ్చునని ప్రక్క పొలమువారు ఒప్పుకొనరు. మొదటి చెరువు దగ్గర కొంత వాసన వచ్చును, దాచను. నేను చెప్పగలిగినది ఒక్కటి. ఇకపై ఏ కాలువ లెక్క నా కడకు వచ్చినను, కొస ఎచట చేరునో చేతితో ఒక గడి గీసి అందు వ్రాయుదును. పై అధికారులు ఆ గడి ఏమని అడిగిన, ఒక ముసలమ్మ అడిగినదని చెప్పుదును.

నేను వేసిన ఈ లెక్క కాగితమును పత్రికల బల్లమీద ఉంచితిని. ప్రక్కన పెన్సిలు ఉన్నది. తప్పులు కనబడినవారు అందే దిద్దవలెనని కోరుచున్నాను.